కరవు వేళ పెరటి తోటకు నీరు పెట్టే పద్ధతి

వేసవి ముదిరి బావులలో అడుగు రాళ్లు కనిపించే రోజులలో మా శాఖకు ఒక తరహా దరఖాస్తులు తప్పక వస్తూ ఉంటాయి. పాత బోరు ఎండిపోయినదని, పెరటిలోని చెట్లు వాడిపోతున్నవని, కొత్త బోరు వేయించుకొనుటకు ఋణం మంజూరు చేయవలసినదని వాటి సారాంశం. దరఖాస్తుదారు వ్రాసినదానిలో అసత్యమేమీ ఉండదు. పదేళ్లు పెంచిన చెట్టు కళ్లెదుట ఎండుతూ ఉంటే చూస్తూ ఊరుకొనడం ఎవరికైనా కష్టమే. అయితే ఆ కాగితంపై సంతకం చేయడానికి ముందు, చేతిలో ఉన్న నీటితోనే పెరటి తోటను కరవు దాటించే మార్గాలున్నవని పాఠక సోదర సోదరీమణులు గ్రహించవలసి ఉన్నది. వీటికి పెట్టుబడి దాదాపు అక్కరలేదు. నాలుగు కుండలు, రెండు మోపుల ఎండుగడ్డి, కొంచెం లెక్క చాలును.

ముందుగా నా వల్ల జరిగిన ఒక పొరపాటును చెప్పుకొనడం న్యాయం. 2015లో వర్షాలు ముఖం చాటువేసినందున తెలంగాణ ప్రభుత్వం 231 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించినది. వాటిలో 22 మండలాలు నాటి నల్లగొండ జిల్లాలోనివి. ఆ మరుసటి వేసవిలో నేను ఆ జిల్లాలోని ఒక గ్రామీణ శాఖలో కొత్తగా చేరిన క్షేత్రాధికారిని. ఒక వృద్ధురాలు తన ఇంటి వెనుక దొడ్డిని, దానిని ఆనుకొని ఉన్న 30 గుంటల చెలకను చూపించి బోరుకు ఋణం కోరినది. చెలక బీడుగానే ఉన్నది. ఆమె బాధంతా దొడ్డిలోని పన్నెండు మామిడి చెట్ల గురించి, నాలుగు కొబ్బరి చెట్ల గురించి, కూరగాయల మడుల గురించి. కుమారుడు సూరత్‌లో మరమగ్గం నడుపుతున్నాడని, వాయిదాలు అతడు పంపగలడని చెప్పినది. నేను చెట్లను చూచి జాలిపడి, నివేదిక అనుకూలంగా వ్రాసితిని. 60,000 రూపాయలు మంజూరయినవి. 480 అడుగులు దింపగా పైకి వచ్చినది తెల్లని రాతిపొడి మాత్రమే.

నల్లగొండ ప్రాంతపు నేల క్రింద ఉన్నది కఠినమైన శిల. నీరు పైనున్న శిథిల పొరలోను, దాని దిగువన రాతి చీలికలలోను మాత్రమే నిలుస్తుంది. చీలిక తగిలినచో నీరు, తగలనిచో పొడి. లోతు పెరిగిన కొలదీ నీరు పెరుగుతుందన్న నమ్మకం మన రాతి నేలలలో చెల్లదు. వానలు లేని సంవత్సరంలో ఆ చీలికలు కూడ ఖాళీగానే ఉంటాయి గనుక, బోరుకు అన్నిటికంటె చెడ్డ ముహూర్తం కరవు వేసవియే. బి.యస్సీ.లో ఈ సంగతి చదువుకొనియే వచ్చితిని; అయినను కాగితంపై మరొక విధంగా వ్రాసితిని.

తరువాత జరిగినది నన్ను ఇంకను ఆలోచింపజేసినది. 2016 సెప్టెంబరులో వానలు బలంగా కురిసినవి. దసరా వెళ్లిన పిమ్మట ఆ దొడ్డికి పోయి చూడగా, ఏప్రిల్ నుండి చుక్క నీరు ఎరుగని మామిళ్లలో పది పచ్చగా నిలిచి ఉన్నవి. రెండు కొబ్బరి చెట్లు మాత్రం మొవ్వు వ్రాలి పోయినవి. వయసు వచ్చిన మామిడి వేళ్లు లోతుకు దిగి ఉంటాయి. అది ఒక కరవును సాధారణంగా ఓర్చుకొంటుంది. అనగా, బోరు పడినను పడకున్నను బ్రతికే చెట్ల కొరకు ఆ కుటుంబం చేత అప్పు చేయించితిమి. కొబ్బరి చెట్లను కాపాడటానికి రోజుకు నాలుగు బకెట్ల వాడుక నీరు సరిపోయేది. ఆ మాట చెప్పవలసిన వాడను నేను, చెప్పలేదు.

వాయిదాలు మాత్రం నెల తప్పకుండా లింబాయత్ నుండి వచ్చేవి. 2020లో కరోనా కారణంగా మగ్గాలు ఆగిపోయినపుడు రిజర్వు బ్యాంకు వాయిదాల విరామం ప్రకటించినది. ఆ విరామంలో వాయిదా ఆగినది గాని వడ్డీ ఆగలేదు. నీరు పడని బోరుకు వడ్డీ కట్టిన ఆ కుటుంబాన్ని నేను కలుసుకొన్నది 2022లో, సూరత్‌కు బదిలీ అయిన తరువాత.

లింబాయత్ వాకిళ్లలో

లింబాయత్ సూరత్ నగరపు ఆగ్నేయ దిక్కున ఉన్నది. నల్లగొండ, వరంగల్లు, కరీంనగర్ ప్రాంతాల నుండి చేనేత కుటుంబాలు మరమగ్గాల పనికై అక్కడికి వలస వెళ్లి స్థిరపడినవి. వీధిలో తెలుగు వినిపిస్తుంది. దుకాణాలపై తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. సూరత్ కరవు సీమ కాదు. తాపీ నది ఒడ్డున ఉన్న నగరం. ఎగువన 1972లో పూర్తయిన ఉకాయి జలాశయం ఉన్నది. ఏటా కురిసే వాన 1,000 మిల్లీమీటర్లకు మించుతుంది. వానాకాలంలో మీఠీ ఖాడీ పొంగి లింబాయత్ వీధులలోనికే నీరు వస్తుంది. అటువంటి చోట నీటి పొదుపు గురించి నేర్చుకొనవలసినది ఏమున్నదని మీరు అడుగవచ్చును. నేనును అట్లే అనుకొంటిని.

ఆ యువకుని ఇల్లు రెండవ అంతస్తులో ఒక గది, ముందు నాలుగడుగుల వసారా. కుళాయి క్రిందనున్నది. అది వచ్చే వేళకు బిందెలు పట్టి మెట్లపై మోసుకొని రావలసినదే. ఆ వసారాలో పాత రంగు డబ్బాలలోను, నూనె డబ్బాలలోను గోంగూర, కరివేపాకు, పుదీన, ఒక మల్లె, కిటికీ ఊచలకు ప్రాకిన బచ్చలి తీగ ఉన్నవి. మే నెల మధ్యాహ్నమది. సిమెంటు నేల కాలుతున్నది. డబ్బాల చుట్టూ నూలు వచ్చే అట్టపెట్టెల ముక్కలు నిలబెట్టి, పైన మట్టి కనపడకుండ కొబ్బరి పీచు పరచి ఉన్నది.

ఈ మొక్కలకు రోజుకు ఎంత నీరు పోస్తారమ్మా అని ఆ ఇంటి కోడలిని అడిగితిని. ఆమె ఆలోచించకుండానే, "మూడు చెంబులు సార్, ఎండ ముదిరితె నాలుగు. అవ్విట్ల గూడ రెండు బియ్యం కడిగిన నీళ్లే" అన్నది. ఇదే ప్రశ్నను 2016లో ఆమె అత్తగారిని అడిగి ఉంటే జవాబు వచ్చేది కాదు. అక్కడ బోరు ఎండేవరకు మోటారు మీట నొక్కి, నీరు మడి నిండి దారిలోనికి వచ్చిన తరువాత ఆపేవారు. ఆమె తప్పు పట్టవలసినది కాదు. మనలో చాలామంది చేసేది అదే. మెట్లెక్కి మోసిన నీటికి లెక్క ఉంటుంది, మీట నొక్కగా వచ్చిన నీటికి ఉండదు.

అందుచేత మొదటి పని కొలవడమే. మీ గొట్టం క్రింద 15 లీటర్ల బకెట్ ఉంచి, అది ఎంతసేపటికి నిండునో గడియారం చూచి వ్రాసుకొనండి. ఒక నిమిషంలో నిండినదనుకొందాము. గొట్టాన్ని చెట్టు పాదులో వదిలి, ఎవరో పిలువగా వెళ్లి, ఇరవై నిమిషాలకు తిరిగి వచ్చినారు. పోయినది 300 లీటర్లు. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ గ్రామీణులకు నిర్దేశించిన నీరు మనిషికి రోజుకు 55 లీటర్లు. అనగా ఐదుగురున్న కుటుంబానికి 275 లీటర్లు. మీరు మాటలలో ఉన్న ఆ ఇరవై నిమిషాలలో ఒక కుటుంబపు దినభత్యం పాదులోనుండి పొంగి వీధి పాలైనది.

రెండవ లెక్క మడిది. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు లోతు నీరు సరిగా ఒక లీటరు. ఎండాకాలంలో పచ్చని కూరగాయల మడి రోజుకు 5 నుండి 7 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి రూపంలో పోగొట్టుకొంటుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల మడికి రోజుకు సుమారు నాలుగు బకెట్లు కావలెను. మీ ఇంటిలో తోటకు మిగిలే నీరు రెండు బకెట్లే అయినచో, మడి మొత్తానికి రెండేసి చెంబులు చిలకరించి అన్నింటినీ సగం చంపడం కంటె, సగం మడిని వదలివేసి మిగిలిన సగాన్ని బ్రతికించుకొనడం మేలు. ఈ నిర్ణయం మనసుకు కష్టమే గాని, కరవులో పెరటి తోట యజమాని చేయవలసిన పనులలో ముఖ్యమైనది ఇదే.

ఎవరికి ముందు, ఎవరికి వెనుక

మనుషుల త్రాగునీరు, వంట, పశువుల తొట్టి తీరిన పిమ్మటనే తోట. తోటలో కూడ వరుస ఉన్నది. మూడేళ్ల లోపు పండ్ల మొక్కలకు మొదటి హక్కు. వాటి వేరు ఇంకను పైనే ఉన్నది. ఈ వేసవి పోయినచో మూడేళ్ల పెంపకం పోయినట్లే. చిన్న మామిడి, జామ, నిమ్మ మొక్కకు వారానికి ఒకమారు ఒకటిన్నర లేక రెండు బకెట్లు నిదానంగా పట్టించినచో వేసవి దాటగలదు. పెద్ద మామిడి, చింత, వేప, మునగ చెట్లకు కరవు కాలంలో నీరు పోయనక్కరలేదు. మునగ ఆకు రాల్చినంత మాత్రాన చనిపోయినట్లు కాదు. అది దాని ఆత్మరక్షణ.

కొబ్బరి సంగతి వేరు. దాని వేళ్లు బలంగానే ఉన్నను పైపొరలోనే వ్యాపించి ఉంటాయి. పాదులో నీరు పెట్టే పద్ధతిలో చెట్టుకు నాలుగు రోజులకు 200 లీటర్ల వరకు సిఫారసు చేయబడినది. కరవులో అంత నీరు ఎక్కడిది? కనుక కాపు ఆశ వదలుకొని ప్రాణం నిలుపుటకే ప్రయత్నించాలి. అడుగున ఎండుముఖం పట్టిన రెండు మూడు మట్టలను తీసివేసి, చెట్టు చుట్టూ ఆరు అడుగుల మేర పాదులో కొబ్బరి డొప్పలను లోపలి భాగం పైకి ఉండునట్లు వరుసగా పూడ్చి, పైన మట్టి కప్పి, స్నానపు నీటిని అక్కడికి మళ్లించండి. పీచు నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా వేళ్లకు అందజేస్తుంది.

కూరగాయలలో దీర్ఘకాలం నిలిచే వంగ, టమాట, మిరపలను నీరు లేని వేసవిలో కొత్తగా నాటవద్దు. తోటకూర 25, 30 రోజులలో కోతకు వస్తుంది గనుక మొత్తంమీద తక్కువ నీరు త్రాగుతుంది. దానిని పందిరి నీడలోనో, గోడకు తూర్పు ప్రక్కనో చల్లుకొనవచ్చును. సొర, బీర తీగలు ఇంటికి రెండు పాదులు చాలును. వాటికి పూత, పిందె సమయంలో నీరు తప్పనిసరి. అప్పుడు ఎండగట్టి తరువాత ఎంత పోసినను పిందెలు నిలువవు. కలుపును మొదటనే పెరికివేయాలి, అది కూడ మీ నీరే త్రాగుతుంది. ఎండకు వాడిన మొక్కకు బలం వచ్చునని యూరియా వేయడం కొందరికి అలవాటు. తడి లేని నేలలో అది వేళ్లను మాడ్చివేస్తుంది. వానలు పడేవరకు ఆ సంచి విప్పవద్దు.

పూలమొక్కలు చివర. మల్లె, కనకాంబరం అమ్ముకొనే ఇల్లాలికి అవి చివరివి కావు. ఆమెకు అవే కూరగాయలు. పచ్చిక తివాచీలు, క్రోటన్లు మాత్రం ఏ వరుసలోనూ లేవు. 2024 మార్చిలో బెంగళూరు నగరంలో త్రాగునీటిని తోటలకు, వాహనాలు కడుగుటకు వాడరాదని నిషేధించి, ఉల్లంఘించిన వారికి 5,000 రూపాయల జరిమానా నిర్ణయించినారు. పల్లెలో అటువంటి జరిమానా లేదు గాని, మీ కుళాయి గొట్టం పెరటిలో ఉన్నంతసేపు అదే గొట్టపు చివరనున్న ఇంటికి ధార సన్నగిలుతుంది. ఆ చివరి ఇంటివారు మిమ్ములను ఏమియు అనలేని వారే అయి ఉంటారు, సాధారణంగా.

నీరు ఎప్పుడు, ఎక్కడ

మొక్కకు నీరు కావలెనా లేదా అన్న దానిని మధ్యాహ్నం చూచి నిర్ణయించవద్దు. రెండు గంటల ఎండకు సొర ఆకులు చెవులు వ్రాలవేయడం సహజం. సాయంకాలానికి అవే లేచి నిలుచుంటాయి. సూర్యోదయ వేళ కూడ వ్రాలి ఉన్నచో అది నిజమైన దాహం. మరొక పరీక్ష: వ్రేలిని రెండు కణుపుల లోతు మట్టిలో గ్రుచ్చి చూడండి. చల్లగా, అంటుకొనునట్లు ఉన్నచో ఆ రోజుకు నీరు అక్కరలేదు. పైన పొడిగా ఉన్నదని నీరు పోసేవారు నేలకు గాక ఎండకు నీరు పోస్తున్నారు.

సమయం తెల్లవారుజాము ఉత్తమం. వీలు కానిచో ప్రొద్దు గ్రుంకిన తరువాత. పగటి పూట పోసిన నీటిలో మంచి భాగం ఆవిరియే. ఆకులపై చిలకరించడం కంటికి చల్లదనమే గాని మొక్కకు ఉపయోగం స్వల్పం. అలాగే చెట్టు మొదలులో పోయడం వృథా. నీరు పీల్చే సన్నని వేళ్లు చెట్టు గొడుగు అంచు క్రింద ఉంటాయి. అక్కడ గడ్డపారతో నాలుగు వైపుల జానెడు వెడల్పు, మూరెడు లోతు గల గుంటలు తీసి, ఎండుటాకులు కుక్కి, వాటిలోనే నీరు పోయండి. నేలపై పొర తడవకుండ నీరు లోతుకు పోతుంది, వేరు దానిని వెతుకుకొంటూ దిగుతుంది. రోజూ కొంచెము కొంచెము పోసిన చెట్టుకు వేరు పైకి వస్తుంది. ఒక రోజు మీరు ఊరికి పోయినచో అది తట్టుకొనలేదు.

నేలను బట్టి కూడ తేడా ఉన్నది. ఎర్ర చెలక నీటిని త్వరగా జారవిడుస్తుంది కనుక తక్కువ మోతాదులో, కొంచెం తరచుగా ఇవ్వాలి. రేగడి నేల పట్టి ఉంచుతుంది. ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజుల ఎడంతో ఇవ్వవచ్చును. అయితే రేగడి పగుళ్లు విచ్చిన తరువాత నీరు పోసినచో అది పగులు వెంట నేరుగా పాతాళానికి పోతుంది. ముందు పైపైన త్రవ్వి పగుళ్లు పూడ్చిన తరువాతనే పోయాలి.

నేలను కప్పి ఉంచడం కరవులో సగం నీటిపారుదల వంటిది. ఎండుగడ్డి, వేరుశనగ పొట్టు, చెరకు ఆకు, రాలిన వేప ఆకు, ఏది దొరికితే అది మూడు అంగుళాల మందాన పరచండి. మొదలుకు తగులకుండ నాలుగు వ్రేళ్ల ఎడం విడవాలి, లేనిచో చెద పట్టవచ్చును. లింబాయత్ ఇల్లాలు కొబ్బరి పీచు పరచినది ఇందుకే. డబ్బాల చుట్టూ అట్టలు నిలబెట్టినది కూడ, రేకు కాలి వేరు ఉడకకుండ ఉండుటకు. ఆమెకు ఈ విషయం ఎవరూ పాఠం చెప్పలేదు. రెండు వేసవులలో మొక్కలు పోగొట్టుకొని నేర్చుకొన్నానన్నది.

కుండ పద్ధతి పాత పద్ధతియే. రెండు వేల సంవత్సరాల క్రిందటి చైనా వ్యవసాయ గ్రంథంలో కూడ దీని వర్ణన ఉన్నది. ఐదారు లీటర్లు పట్టే మట్టికుండను, రంగు గాని పూత గాని లేనిదానిని, మెడ వరకు నేలలో పాతి, చుట్టూ మూడు నాలుగు సొర లేక బీర గింజలు నాటండి. కుండలో నీరు నింపి మూత పెట్టండి. మట్టి ఎండిన కొలదీ కుండ గోడల నుండి నీరు చెమ్మగిలి వేళ్లకు అందుతుంది. మట్టి తడిగా ఉన్నపుడు తనంతట తానే నెమ్మదిస్తుంది. మూడు నాలుగు రోజులకు ఒకమారు నింపినచో చాలును. ఉప్పు నీరు వాడినచో కుండ రంధ్రాలు మూసుకొనిపోతాయి. మరుసటి యేడు కుండను మార్చుకొనాలి. ఈ పద్ధతికి అయ్యే ఖర్చు కుమ్మరికి ఇచ్చే డబ్బులు మాత్రమే.

వాడిన నీరు

సూరత్‌లో నగరపాలక సంస్థ బమ్రోలి వద్ద మురుగు నీటిని శుద్ధి చేసి, 2014 నుండి పాండేసర పారిశ్రామిక వాడకు అమ్ముచున్నది. ప్రారంభించినపుడు ఆ కేంద్రపు సామర్థ్యం రోజుకు 4 కోట్ల లీటర్లు. నగరం చేయగలిగిన దానిని మన ఇల్లు చిన్న యెత్తున చేయలేకపోదు. ఐదుగురు మనుషుల స్నానపు నీరు తక్కువలో తక్కువ 100 లీటర్లు ఉంటుంది. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీరు మరొక 10 లీటర్లు. పెరటి తోటకు ఇంతకంటె నమ్మకమైన కాలువ లేదు, ఎందుకనగా కరవులో కూడ స్నానం, వంట ఆగవు.

బియ్యం కడిగిన నీటిని ఏ మొక్కకైనను పోయవచ్చును. స్నానపు నీరు అరటి, బొప్పాయి, కొబ్బరి, కరివేపాకులకు తగినది. దానిని నిలువ ఉంచకుండ ఏ రోజుది ఆ రోజే, ఎండుటాకుల క్రిందికి పోవునట్లు పోయాలి. పచ్చిగా తినే కొత్తిమీర, ఉల్లికాడ వంటి వాటికి, ముల్లంగి, క్యారెట్ వంటి దుంపలకు పోయరాదు. బట్టలు ఉతికిన మొదటి నీటిలో సోడా క్షారం ఎక్కువ. అది నేలను చౌడు చేస్తుంది. చివరి జాడింపు నీరు మాత్రం వాడుకొనవచ్చును. ఒకే పాదులో నెలల తరబడి సబ్బునీరు పోయక, పాదులు మార్చుతూ ఉండాలి. నేలపై తెల్లని పొర కనిపించినచో ఆపివేయండి.

సూరత్‌లోని మన సోదరులకు ఒక ముఖ్య గమనిక. రంగుల మిల్లుల కాలువ నీటిని, నీటి ధారతో నడిచే మగ్గాల నుండి వెలువడే నీటిని, అవి చూపులకు ఎంత తేటగా ఉన్నను, తినే మొక్కలకు పోయకండి. మగ్గపు నీటిలో నూనె, నూలుకు పట్టించిన గంజి రసాయనాలు కలసి ఉంటాయి.

నల్లగొండ పాఠకులకు మరొక గమనిక. ఫ్లోరైడ్ బాధ వలన మన గ్రామాలలో నీటి శుద్ధి యంత్రాలు విస్తారంగా వచ్చినవి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలాలను ఇండ్లకు తెచ్చిన తరువాత కూడ అవి చాలచోట్ల నడుస్తూనే ఉన్నవి. యంత్రం లోనికి తీసికొన్న నీటిలో సగమో, అంతకు మించియో బయటికి వదలివేస్తుంది. ఆ వదలిన నీటిలో మూల జలంలోని లవణాలు, ఫ్లోరైడ్ చిక్కబడి ఉంటాయి. వృథాగా పోవుచున్నదన్న బాధతో దానిని పెరటికి మళ్లించే వారున్నారు. ఒకటి రెండు మాసాలలో నేలపై ఉప్పు తేలి నిమ్మ ఆకులు అంచులు మాడుతాయి. దానిని నేల కడుగుటకు, మరుగుదొడ్డికి వాడుకొనండి.

నీటిని గాబులలో, గోలేలలో పట్టి ఉంచేవారు వాటిపై గుడ్డ కట్టి మూత వేయాలి, వారానికి ఒక రోజు పూర్తిగా ఖాళీ చేసి తోమి ఆరబెట్టాలి. డెంగ్యూ దోమ మురుగులో గాక ఈ తేట నీటిలోనే పెరుగుతుంది. ఆ ఖాళీ చేసిన నీరు మామిడి మొక్కకు.

వ్యాపార మిత్రులతో ఒక మాట

పంపులు, గొట్టాలు, డ్రిప్ పరికరాలు అమ్మే డీలర్లు కూడ ఈ పత్రిక చదువుతారు గనుక ఈ నాలుగు వాక్యాలు. వేసవిలో పెరటి తోట వారు మీ కొట్టుకు వచ్చి పెద్ద మోటారు అడుగవచ్చును. వారి బావిలో నీరు ఎంత ఉన్నదో ముందు అడగండి. నీరు లేని బావికి బలమైన మోటారు వేసినచో అది గంటలో తోడివేసి వట్టిగా తిరిగి కాలిపోతుంది; ఆ కోపం మీ కొట్టు మీదికి, బాకీ మా శాఖ మీదికి వస్తాయి. పెరటికి కావలసినది 200 లీటర్ల పీపా ఒకటి, దానిని నాలుగడుగుల ఎత్తున నిలబెట్టే దిమ్మె, ఒక జల్లెడ, కొద్దిపాటి సన్నని గొట్టం, గంటకు 4 లీటర్లు కార్చే పది పన్నెండు బిందు పరికరాలు. ఎత్తు నుండి దిగే నీటికి ఒత్తిడి తక్కువ గనుక ఆ 4 లీటర్లు పూర్తిగా రావని కూడ ముందే చెప్పండి. సగం నీడనిచ్చే ఆకుపచ్చ వలను మీటర్ల లెక్కన కోసి అమ్మండి. ఈ బేరంలో లాభం తక్కువే. ఆ కొనుగోలుదారు మరుసటి యేడు కూడ మీ వద్దకే వస్తాడు.

ఋణగ్రహీతలకు కూడ స్పష్టంగా చెప్పవలసినది ఒకటున్నది. పెరటి తోట ఆదాయం సాధారణంగా ఇంటి కూర ఖర్చు తగ్గడమే. దాని మీద వాయిదా కట్టడం సాధ్యం కాదు. కనుక పెరటి కొరకు బోరు ఋణం అడుగవద్దని నా సలహా. సాగు భూమికి నిజంగా బోరు అవసరమైనచో, మొదట భూగర్భ జల పరిశీలన చేయించుకొని, 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి పొంది, వానాకాలం గడచి నీటిమట్టం తెలిసిన తరువాత రండి. అప్పుడు మీతో పాటు పొలానికి వచ్చి చూచే బాధ్యత మాది. ఈ మాట వలన ఒకరిద్దరు నాపై కోపగించుకొన్నారు. లింబాయత్‌లో ఆ యువకుడు మాత్రం కోపగించుకొనలేదు. తేనీరు ఇచ్చి, ఆనాడు మీరు వద్దని ఉంటే మా అమ్మ వినేది గాదు సార్ అన్నాడు. నన్ను ఊరడించుటకే అన్నాడని నాకు తెలియును.

ఇక చివరిగా, వేసవి ముగిసిన తరువాత తొందరపడి చెట్లు కొట్టవద్దు. ఆకు పూర్తిగా రాలిన జామ, నిమ్మ, మామిడి మొక్కల మొదలుపై గోటితో బెరడును కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉన్నచో చెట్టు బ్రతికియే ఉన్నది. కొమ్మలు చివరల నుండి ఎండుతూ వస్తాయి గనుక, పచ్చదనం కనిపించే చోటు వరకు క్రిందికి గీకుతూ పోయి, అక్కడికి పైనున్న ఎండు భాగాన్ని మాత్రం కోసివేయండి. రెండు మంచి వానలు పడిన తరువాత మూడు వారాల వరకు చిగురు కొరకు వేచి చూడవచ్చును. ఆ దొడ్డిలో మామిడి పన్నెండింటిలో చివరి రెండింటిని, చనిపోయినవనుకొని ఆ పెద్దమ్మ ఆగస్టులోనే వంటచెరకుకు కొట్టించివేసినది. మొదళ్లు నరికినచోట లోపలి చెక్క ఇంకను పచ్చిగానే ఉన్నదని కొట్టినవాడు తరువాత నాతో చెప్పినాడు.